బార్జి వీధి కాపా అత్త

ఎవరూ, కాపా అత్తా? నీ పిల్లాడికి ఆవిడ పేరు ఎవరు చెప్పారమ్మాయ్? ఆఁ, పక్కింటి రాయీసా అయ్యుంటుంది. పచ్చి ఆపిల్‌కాయలు కోశావంటే కాపా వచ్చి చెవి మెలేస్తుంది అనుంటుంది. అంతేగా? ఇక్కడి పిల్లలందరికీ అదే బెదిరింపు. నా మనవలకీ అదే, వాళ్ల పిల్లలకీ అదే. మనిషి పోయి యాభై ఏళ్లు దాటింది, ఇప్పటికీ ఆవిడ చేత చెట్లకి కాపలా కాయిస్తూనే ఉన్నాం పాపం. చెప్తాను, చెప్తాను. ముందిలా కూర్చో. ఆ బెంచీ మీద కాదు, దాని కాలు ఊగుతోంది, ఈ పీట లాక్కో. ఊరికే వింటానంటే కుదరదు, ఈ కత్తెర పట్టు. గూస్‌బెర్రీకి ఇటు తొడిమా అటు తోకా రెండూ కత్తిరించాలి, కాయ చిదమకూడదు. మా అమ్మాయి పొద్దున్నే పురమాయించి అవతలి ఒడ్డుకి పోయింది. "నాన్నా, సాయంత్రం జామ్ పెట్టాలి, నేనొచ్చేసరికి బకెట్టు ఖాళీ అవ్వాలి" అని. బకెట్టు చూశావుగా, అందులో నేనే పడతాను. ముప్పై ఏళ్లు వోల్గా మీద దారి దీపాలు వెలిగించినవాణ్ణి, స్టీమరు కెప్టెన్లు టోపీ తీసి పలకరించేవాళ్లు నన్ను. ఇప్పుడు చూడు నా బతుకు, కాయల తోకలు కత్తిరిస్తున్నాను. సరే.

కాపా అత్త అసలు పేరు కపిటొలీనా. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, కోర్టువాళ్లు తప్ప. కోర్టు సంగతి తర్వాత వస్తుంది. ముందు నీకు ఈ వెర్బినొ ఎట్లా ఉండేదో తెలియాలి. ఇప్పుడంటే కొట్టుంది, బస్సుంది, చలికాలం కూడా చిమ్నీలన్నీ పొగ వదుల్తుంటాయి. అప్పుడలా కాదు. మొదట్లో ఇక్కడ జాలరుల గుడిసెలు నాలుగైదు ఉండేవట, అంతే. తర్వాత, జార్ చక్రవర్తుల కాలంలోనే, అవతలి ఒడ్డు పట్నంలో నారబట్టల వ్యాపారి ఒకాయన ఉండేవాడట. వాళ్లావిడకి దగ్గు. డాక్టరేమో పైన్ చెట్ల గాలి పీల్చమన్నాడు. ఆయనకి డబ్బుంది, పెళ్లామంటే ప్రాణం. ఈ ఒడ్డున చెట్లు కొట్టించి ఒక ఇల్లు కట్టించాడు. ఆవిణ్ణి చూసి చెల్లెలు, చెల్లెల్ని చూసి తోడికోడలు, అందరికీ దగ్గే మరి! అలా ఏడిళ్లు లేచాయి ఒకే వరసలో. చెక్కతో లతలు చెక్కిన చూర్లు, మిద్దె మీద చిన్న గోపురం, ముందు ఇంత వెడల్పు వరండాలు. స్టీమరు ఆగడానికి ఒక రేవు. ఆడవాళ్లు స్నానం చెయ్యడానికి నీళ్లమీద చెక్క గదులు, ఎవరి గదికి వాళ్ల తలుపు. నువ్వుంటున్నావే, అది తోడికోడలి ఇల్లు. విప్లవం వచ్చింది, వ్యాపారి ఎటో పోయాడు, ఇళ్లు సహకార సంఘం చేతికొచ్చాయి. పట్నం నుంచి ఇంజనీర్లు, డాక్టరమ్మ, పాటల టీచరు ఇలాంటివాళ్లు జూన్‌లో దిగేవాళ్లు. మూడు నెల్లు సమోవార్లు కాగేవి, ఉయ్యాలలు ఊగేవి, గ్రామఫోను ఏడ్చేది. సెప్టెంబరు వాన పడిందా, పరుపులు చుట్టుకుని ఆఖరి స్టీమరెక్కేసేవాళ్లు. ఆపైన ఈ ఒడ్డున మిగిలేది ఏడిళ్లూ, కాపా అత్తా.

ఆవిడ మొగుడు కూడా నాలాగే నది దీపాలు చూసేవాడు. ఒక వసంతంలో మంచు కదిలేప్పుడు పడవతో సహా పోయాడు, మనిషి దొరకలేదు. సంఘంవాళ్లు జాలిపడి కాపలా ఉద్యోగం, ఆ చివర గుడిసె ఇచ్చారు. కొడుకొకడు, గ్లేబ్. మనిషి ఎట్లా ఉండేదనుకున్నావ్? తలుపు నిండా ఉండేది. మగాళ్ల బూట్లు, నడుముకి తాళాల గుత్తి, నడుస్తుంటే గుర్రబ్బండి వస్తున్నట్టు చప్పుడు. గొంతంటావా, అవతలి ఒడ్డున పడవవాడు ఇటు నుంచి తిట్టు వినేవాడు. సంఘం ఆస్తి అంటే ఆవిడకి దేవుడి పటంతో సమానం. కింద రాలిన ఆపిల్ పండు కూడా ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. వెనకూరి ఆడవాళ్లు అడవిలో ఎండు కాయలేరుకోడానికొస్తే, "ఆ కాయ ఏ చెట్టుదే? ఇంజనీరుగారి కంచె లోపలి చెట్టుదా, బయటి చెట్టుదా?" అని నిలదీసేదట. ఇంకోటుంది. చలికాలమంతా ఒక్కర్తీ ఉంటుందిగా, ఇళ్లతో మాట్లాడేది. ఎవరి ఇల్లయితే ఆ మనిషి పేరే. మంచు పారతో చూరు దులుపుతూ, "ఏం డాక్టరమ్మా, టోపీ మరీ పెద్దదైపోయింది, కాస్త వంగు మరి" అనేది. పాటల టీచరింటి కిటికీ గాలికి కొట్టుకుంటే, "చాల్లే, నీ రాగాలు వేసవిలో వింటాం" అనేది. నవ్వుతావేం? నేను చెవులారా విన్నాను. పెద్దయ్యాక నాకూ అలవాటైంది, మా అమ్మాయి చాటుగా నవ్వుతుంది.

ఇదిగో, ఆ కాయ పండిపోయింది, అది నోట్లో వేసుకో, జామ్‌కి పనికిరాదు. ఆఁ, ఏం చెప్తున్నాను? యుద్ధం. యుద్ధం వచ్చిన ఏడాది మంచు ముందే వచ్చేసింది. నవంబరు ఇంకా సరిగా మొదలవలేదు, వోల్గా బిగుసుకోవడం మొదలెట్టింది. గ్లేబ్ అప్పటికే సైన్యంలోకి పోయాడు. ఒకరోజు సాయంత్రం పొద్దు వాలుతుండగా కాపా అత్త చెంబు తోముకుంటుంటే కూత వినబడిందట. స్టీమరు కూత కాదు, చిన్న టగ్గు పడవది, ఆగి ఆగి ఏడ్చినట్టు. ఒడ్డుకెళ్లి చూస్తే, నది మధ్యకి ఇవతలగా టగ్గు, అది లాక్కొస్తున్న పెద్ద సరుకుల పడవ, బార్జి. బార్జి మీద సరుకు కాదు, మనుషులు. లెనిన్‌గ్రాద్ వైపు నుంచి తప్పించి తీసుకొస్తున్న ఆడాళ్లు, పిల్లలు, ముసలాళ్లు. రెండొందల దాకా ఉండుంటారు. చుట్టూ మంచు పట్టేసింది. పడవేస్తే పడవ కదలదు, కాలేస్తే కాలు దిగబడుతుంది. టగ్గు కెప్టెన్ నోటికి చేతులడ్డం పెట్టుకుని అరిచాడట: "ఇక లాగలేను! పొద్దున్నకి బార్జి చెక్కలు చిట్లినా చిట్లుతాయి! అక్కడ ఊరేదైనా ఉందా?"

కాపా అత్త ఏవని జవాబిచ్చిందో చెప్పనా? మా అమ్మ ఈ మాట చెప్పి ఎన్నిసార్లు నవ్విందో. "ఇక్కడ దిగకూడదు! ఇది సహకార సంఘం ఆస్తి! అధ్యక్షుడి అనుమతి కావాలి!" అందట. రెండొందలమంది చచ్చేట్టున్నారు, ఈవిడ అనుమతి అంటోంది! బార్జి మీద ఎవరో శాపనార్థాలు మొదలెట్టారు. అప్పుడు మా అమ్మ, అగ్నియా అని పేరు, బార్జి అంచుకొచ్చి నిలబడింది. నేను కడుపులో ఉన్నాను అప్పటికి. ఆవిడ అరవలేదు. మా అమ్మ ఎప్పుడూ అరిచే మనిషి కాదు. "అమ్మా, మంచం వద్దు, తిండీ వద్దు, నాలుగు గోడలుంటే చాలు" అంది. కాపా అత్త ఆవిడ కేసి చూసింది, ఆవిడ కడుపు కేసి చూసింది, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. బార్జి మీద అందరూ, అయిపోయింది, తలుపేసుకుని పడుకోడానికి పోయిందీ పిశాచి అనుకున్నారు.

కాసేపటికి చెక్క విరిగే చప్పుడు. ఫెళ్లున ఒకటి, ఫెళ్లున రెండు. చూస్తే కాపా అత్త గొడ్డలి పట్టుకుని స్నానాల గదుల తలుపులు ఊడబీకుతోంది! ఒక్కో తలుపూ వీపు మీదేసుకొచ్చి మంచు మీద పరవడం మొదలెట్టింది. తలుపు మీద బోర్లా పడుకుని ముందుకి పాకడం, ఇంకో తలుపు తోయడం, మళ్లీ పాకడం. "ఆడవారికి మాత్రమే" అని రాసున్న తలుపు కూడా ఉంది వాటిల్లో. దాని మీదుగా ఒక ముసలాయన పాక్కుంటూ వస్తుంటే, "తాతా, అక్షరాలు చదవడం రాదా?" అందట ఈవిడ. అంత చావులో కూడా జనం పక్కున నవ్వారట. అలా తలుపుల మీదుగా ఒక్కొక్కళ్లే, కడుపు మీద పాకుతూ, పిల్లల్ని దుప్పట్లలో మూటగట్టి లాగుతూ, అందరూ ఒడ్డెక్కారు. ఒక్క ప్రాణం నీళ్లపాలవలేదు. ఎక్కాక తాళాల గుత్తి తీసి, డాక్టరమ్మ ఇంటి తలుపు ముందు నిలబడి, అదిగో అప్పుడు, గోడకి చెప్పినట్టు చెప్పిందట: "డాక్టరమ్మా, చుట్టాలొచ్చారు. చెప్పకుండానే వచ్చారు. నన్ను తిట్టు, వాళ్లనేం అనకు."

ఇప్పుడు నువ్వడగొచ్చు, ఏడిళ్లున్నాయిగా, ఇంకేం అని. వేసవి ఇళ్లమ్మా అవి! గోడలు పలకలు, గాలి ఇటు దూరి అటు పోతుంది. ఏడింట్లో మూడింటికే సరైన పొయ్యిలు, ఆ పెంకులతో కట్టిన పొడుగు పొయ్యిలు. ఆ మూడిళ్లలో ఇంతమందీ సర్దుకోవాలి. బల్లల కింద, బల్లల మీద, మెట్ల మీద. పాటల టీచరు పియానో కింద నలుగురు పిల్లలు, పైన ఇద్దరు. మరి కట్టెలేవీ? చుట్టూ అడవి ఉంది కదా అంటావ్. ఉంది. మగాళ్లూ గుర్రాలూ యుద్ధానికి పోయాయి. ఆడాళ్లు రంపం పట్టి చెట్టు కోసినా, పచ్చి పైన్ కర్ర ఆ చలిలో పొగ తప్ప మంటివ్వదు. తర్వాత తర్వాత ఎండు చెట్లు వెతుక్కుని లాక్కొచ్చారు, సరే. కానీ ఆ ఏడాది చలి మామూలుది కాదు. పిచ్చుకలు ఎగురుతూ ఎగురుతూనే రాలిపోయేవట. అలాంటి రోజుల్లో ఎండు కర్ర కావాలి, అప్పటికప్పుడు అంటుకునేది కావాలి. కాపా అత్త కంచెలతో మొదలెట్టింది. కంచెలయ్యాక అరుగులు. అరుగులయ్యాక వరండాలు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు, మొదటి దెబ్బ తనే వేసేది. ఏ ఇంటికి గొడ్డలెత్తినా ముందు ఆ ఇంటి మనిషికి క్షమాపణ చెప్పుకునేది. పిచ్చిదనుకున్నారు కొందరు. అనుకోనీ. ఒకావిడ పియానో మీదికి గొడ్డలి ఎత్తితే మాత్రం కాపా అత్త దాని మూత మీద కూర్చుంది, లేవలేదు. "ఇది కట్టె కాదు. ఇది కాలిస్తే మనం మనుషులం కాదు" అంది. అందరూ ఆవిడన్నమాట విన్నారు. వినకపోతే ఏం, ఆవిణ్ణి లేపగలిగేవాళ్లెవరు!

తిండికంటావా, వెనకూరివాళ్లు గడ్డకట్టిన బంగాళాదుంపలు ఇచ్చేవాళ్లు, మా వాళ్లు వెళ్లి నార దులిపి పెట్టేవాళ్లు. వల మంచు కింద నుంచి ఎలా వెయ్యాలో కాపా అత్త నేర్పింది. అందరూ బతకలేదులే. ముసలాళ్లు కొందరు పోయారు, పసివాళ్లు కొందరు. అక్కడ, పైన్ చెట్ల చివర, చిన్న కంచె చూశావుగా? వాళ్లే. నేలంతా రాయిలా ఉంటే మంట వేసి కరిగించి తవ్వేవాళ్లు. ఏ కర్రతో మంట వేశారో అడక్కు. ఆ సంగతి ఆవిడెప్పుడూ చెప్పేది కాదు, నేనూ అడగలేదు.

నేను ఫిబ్రవరిలో పుట్టాను. మిట్టమధ్యాహ్నం, భోజనాల బల్ల మీద. ఆ రోజు పొయ్యిలో ఉన్నది అధ్యక్షుడుగారి వరండా. సంఘం అధ్యక్షుడు, గ్రెచూహిన్ అని, ఆయనది వరసలో అన్నింటికన్నా అందమైన ఇల్లు, ఆయన వరండాకి రంగు అద్దాలు. ఎర్రవి, పచ్చవి, పసుపువి, తేనెరంగువి. కాపా అత్త దాన్ని ఆఖరిదాకా ముట్టుకోలేదు. మా అమ్మకి నొప్పులొచ్చేసరికి గది గోడల మీద లోపల మంచు మెరుస్తోందట. అప్పుడు వెళ్లింది. ఒక్కో అద్దం మేకులు పీకి ఊడదీసి, పెట్టెలో రంపపుపొట్టు పోసి అందులో దాచింది. ఆ తర్వాతే గొడ్డలి ఎత్తింది. లోపల ప్రసవం జరుగుతుంటే ఈవిడ అద్దాలు తుడుస్తూ కూర్చుందేంటని మా వాళ్లు నెత్తి కొట్టుకున్నారట. నా పేరు కూడా ఆవిడే పెట్టింది, అర్సేనీ అని. ఆ మునిగిపోయిన మొగుడి పేరు.

వసంతంలో మంచు కదిలింది, బార్జిని నుగ్గు చేసి పట్టుకుపోయింది. స్టీమరొచ్చింది, చాలామంది వెళ్లిపోయారు. కొందరు మిగిలారు. మా నాన్న అప్పటికే లేడని తెలిసింది, మా అమ్మకి వెళ్లేచోటు లేదు. కాపా అత్త, "పొయ్యి ఉంది, పొయ్యి పక్క జాగా ఉంది, ఇంకెక్కడికే?" అని గుడిసెలో పెట్టుకుంది మమ్మల్ని. మరుసటేడు గ్లేబ్ పోయాడని కబురొచ్చింది. ఆ రోజు ఆవిడ పార తీసుకుని ఏడిళ్ల చూర్ల మీది మంచూ దులిపింది, పొద్దుపోయేదాకా, ఒక్క మాట లేకుండా. ఏ ఇంటినీ పలకరించలేదు. మా అమ్మ అంది, అన్నింటికన్నా అదే భయమేసింది నాకు అని.

ఏయ్, ఆ కత్తెర వేలు మీద కాదు, కాయ మీద పెట్టు.

యుద్ధం అయిపోయాక మొదటి వేసవి, స్టీమరు దిగాడు గ్రెచూహిన్. సన్నగా, తెల్ల సూటు, చేతిలో కర్ర. ఒక్కడే దిగాడు. వరసలో నడుచుకుంటూ వచ్చాడు. ఒక ఇంటికి కంచె లేదు, ఒక ఇంటికి అరుగు లేదు, తన ఇంటికైతే ముఖమే లేదు, ఏదో పళ్లూడిన నోరులా ఉంది. "ఎవరు?" అన్నాడు. కాపా అత్త, "నేనేనండీ" అంది. చెప్పబోయింది, మొత్తం చెప్పబోయింది, ఆయన చెప్పనిస్తేగా! "నిన్ను కాపలా పెట్టింది దోచుకోడానికా? బాంబు పడితే కూడా ఇంత నాశనం అవదు!" అని ఒడ్డంతా వినబడేట్టు అరిచాడు. మా అమ్మ నన్నెత్తుకుని ముందుకొస్తే కర్రతో పక్కకి జరగమన్నాడు. కొట్టలేదులే, ఊరికే జరగమన్నాడు. మనిషి చెడ్డవాడు కాడమ్మాయ్, నేను ఆయన్ని తర్వాత బాగా ఎరుగుదును. ఆ వరండాలో వాళ్లావిడ ఎల్వీరా కూర్చునేది వేసవంతా, జబ్బు మనిషి. యుద్ధంలో ఎక్కడో తాష్కెంటులో పోయిందావిడ. ఆయన వచ్చింది ఆ కుర్చీ, ఆ అద్దాలు చూసుకుందామని. అది మాకెవరికీ తెలియదు అప్పుడు. ఆయన చెప్పలేదు. ఆయన నష్టం నష్టం అని అరిచాడు, మేం అది చెక్కల నష్టమనుకున్నాం.

కాపా అత్త ఉద్యోగం పీకేశాడు. కేసు పెట్టాడు. అవతలి ఒడ్డు కోర్టుకి పిలిచారు. ఆవిడ తలకి శుభ్రమైన రుమాలు కట్టుకుని, అద్దాల పెట్టె భుజాన పెట్టుకుని స్టీమరెక్కింది. ఇక్కడ మిగిలిన బార్జి ఆడాళ్లందరూ వెనకాల. జడ్జీ ఆడమనిషి, శాలువా కప్పుకుని తుమ్ముతూ కూర్చుందట. "నీకు ఆజ్ఞ ఎవరిచ్చారు?" అంది. "ఎవరూ ఇవ్వలేదండీ. ఇచ్చేవాళ్లెవరున్నారక్కడ, నేనొక్కదాన్నే ఉన్నాను." "వరండాలెన్ని? పలకలెన్ని? పగలా, రాత్రా?" అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పింది, ఒక్కటి దాచలేదు. మా అమ్మ లేచి "నేను సాక్ష్యం చెప్తానండీ" అంటే, "అడిగినప్పుడు చెప్దువుగాని, కూర్చో" అన్నారు. ఎవరూ అడగలేదు. ఆఖర్న కాపా అత్త పెట్టె తీసుకెళ్లి జడ్జీ బల్ల మీద పెట్టి మూత తీసింది. రంపపుపొట్టు ఎగిరి కాగితాల మీద పడింది. ఎర్ర అద్దం ఒకటి పైకి తీసి, "ఒక్కటీ పగల్లేదండీ. అధ్యక్షుడుగారికి అప్పజెప్పాలి" అంది. గ్రెచూహిన్ మొహం అటు తిప్పేసుకున్నాడు. తీసుకోలేదు.

తీర్పు వినాలి నువ్వు! జడ్జీ ముక్కు తుడుచుకుని గ్రెచూహిన్ని అడిగిందట: "నేరం చేసిన రోజున ఈమె మీ సంఘంలో ఉద్యోగమేనా?" "అవునండీ, ఇప్పుడు తీసేశాను." "ఆ రోజున ఉందా లేదా?" "ఉంది." "సరే. నేరం రుజువైంది. శిక్ష, ఏడాది దిద్దుబాటు పని. శిక్ష ఉద్యోగంలో ఉన్నచోటే అనుభవించాలి." "అంటే?" అన్నాడు గ్రెచూహిన్. "అంటే, ఆమెని కాపలా పనిలో పెట్టుకోండి, శిక్ష అనుభవించడానికి. మీరు తీసేస్తే కోర్టు తీర్పు ధిక్కరించినట్టు." మా వాళ్లు తిరుగు స్టీమరులో దారంతా నవ్వుతూనే ఉన్నారట. కాపా అత్త మాత్రం నవ్వలేదు. పెట్టె ఒళ్లో పెట్టుకుని నీళ్ల కేసి చూస్తూ కూర్చుంది. మా అమ్మ "గెలిచాం కదే" అంటే, "ఏం గెలిచాం. నేరం రుజువైందన్నారుగా" అంది. అంతే, అది పట్టుకుంది ఆవిణ్ణి. నేరస్తురాలు అన్నమాట. ఆస్తి ముట్టుకోనివ్వని మనిషి కదా. తర్వాత ఎంతమంది ఎన్ని చెప్పినా ఆ ముల్లు పోలేదు.

అద్దాలా? ఏళ్లతరబడి కొట్టులో పడున్నాయి. మేం పిల్లలం పెద్దయ్యాక దోసపాదులకి గాజు పందిరి వేశాం వాటితో. ఎర్ర అద్దం కింది కాయలు తియ్యగా ఉంటాయని ఒకడూ, పచ్చ అద్దం కిందివని ఒకడూ, కొట్టుకునేవాళ్లం. ఒక వడగళ్ల వానకి పోయాయి అన్నీ.

వెళ్లిపోయిన బార్జి జనం ఉన్నారే, వాళ్లు మళ్లీ రావడం మొదలెట్టారు. వేసవి రాగానే స్టీమరు దిగి, "కాపా అత్తా, నేను, పియానో కింద పడుకున్నదాన్ని" అని ఒకత్తి. "నేను మెట్ల మీదవాణ్ణి" అని ఒకడు. పెళ్లాల్ని, పిల్లల్ని తెచ్చేవాళ్లు. గుడారాలేసుకునేవాళ్లు ఒడ్డున. ఆవిడ ఒక్కొక్కళ్లనీ నించోబెట్టి ఎంత లావయ్యారో చూసి, "ఊఁ, నీకు పెట్టిన దుంపలు వృథా పోలేదు" అనేది. మెల్లిగా వెనక వరసలో జాగాలు సంపాదించి చిన్న చిన్న ఇళ్లు కట్టుకున్నారు. వేసవి ఇళ్లు కాదు, పొయ్యిలున్న ఇళ్లు, గట్టి గోడలు. అదే ఈ బార్జి వీధి. మనం కూర్చున్నదిదే. ముందు వరస వ్యాపారివి, వెనక వరస మావి. వెర్బినొకి చలికాలం అంటూ ఒకటి వచ్చింది మా వల్లే. పాటల టీచరు, చాలా ముసలిదైపోయింది, పియానో చూసి మా అందరికీ ఊరికే పాఠాలు చెప్పింది. డాక్టరమ్మ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. కాపా అత్త మంచం పట్టకుండానే పోయింది, ఒక ఆదివారం, దుంపలు తవ్వుతూ తవ్వుతూ.

ఆఁ, గ్రెచూహిన్. ఆయన ఏటా వచ్చేవాడు, వేసవికి. వరండా కట్టించుకోలేదు. కాపా అత్తతో మాటల్లేవు. తాళం చెవి కావాలంటే పక్కింటివాళ్లతో అడిగించేవాడు. ఇలా ఇరవై ఏళ్లు దాకా నడిచింది. నేను సైన్యం నుంచి తిరిగొచ్చి నది దీపాల పనిలో చేరిన ఏడాది, ఆయన ఆఖరి స్టీమరు ఎక్కలేదు. రేవులో కూత వినబడుతోంది, ఈయన ఇంటి ముందు కర్ర మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కాపా అత్త వెళ్లింది. "స్టీమరు వెళ్లిపోతోందండీ." "వెళ్లనీ." "మీ ఇంట్లో చలికి ఆగలేరండీ." "పొయ్యి ఉందిగా. మీరు వాడారుగా." అంతే సంభాషణ. పట్నంలో కూతురింట్లో చోటు చాలలేదని తర్వాత తెలిసింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి పొయ్యి వెలిగించింది. ఆ మర్నాడూ వెళ్లింది. వెళ్లడం, బూడిద తియ్యడం, కట్టె పేర్చడం, నిప్పు పెట్టడం, రావడం. ఆయన కిటికీ పక్క దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. "తలుపు" అనేవాడు, గాలొస్తోందని. ఈవిడ తలుపు వేసేది. చలికాలం సగం అలాగే గడిచిపోయింది. మా అమ్మ విసుక్కునేది, "నిన్ను కోర్టుకెక్కించినవాడికి రోజూ దాసీలా వెళ్తావేంటే?" అని. "కాపలామనిషిని. లోపలున్నవాళ్లు గడ్డకట్టుకుపోకుండా చూడాలిగా" అనేది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నేను కట్టెలు మోసుకెళ్లాను వెనకాలే. చలి బాగా ముదిరింది. అత్త మోకాళ్ల మీద కూర్చుని పొయ్యిలో ఊదుతోంది. ఉన్నట్టుండి ఆయన అన్నాడు, "కపిటొలీనా." మేమిద్దరం ఉలిక్కిపడ్డాం. "ఆ వరండా, బాగా మండిందా?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. "మండిందండీ. లిండెన్ చెక్క, ఎప్పటిదో, బాగా ఎండింది, పొగే లేదు. అది మండినన్నాళ్లూ గది గోడలకి మంచు పట్టలేదు. వీడు అప్పుడే పుట్టాడు." ఆయన నా కేసి చూశాడు. కాళ్ల దగ్గర మొదలెట్టి తల దాకా, వడ్రంగి దూలం చూసినట్టు చూశాడు. నా చేతుల్లో కట్టెలు, దించనా వద్దా తెలియదు. "ఓహో" అన్నాడు. "అయితే నా వరండా వీడేనన్నమాట." అని ఇంకాసేపు చూసి, "ఎల్వీరాకి ఎప్పుడూ చలే. వేసవిలో కూడా. ఆ వరండాలో ఎండ పడ్డప్పుడు మాత్రం శాలువా తీసి పక్కన పెట్టేది" అన్నాడు. తర్వాత నాతో, "ఆ కట్టెలు దించవోయ్ వరండా. కూర్చో, టీ తాగు" అన్నాడు. పోయేదాకా నన్ను అలాగే పిలిచాడు. ఇప్పటికీ వీధిలో ముసలాళ్లు కొందరు అంటారు నన్ను.

టీ పోద్దామని చూస్తే అత్త లేదు. బయటికెళ్లాను. ఇంటి పక్కన మంచులో నిలబడి ఉంది, రుమాలు జారిపోయింది, చూసుకోవట్లేదు. ఏడుస్తోంది. నేను పుట్టాక ఆవిడ ఏడవగా చూడలేదు. మా అమ్మ కూడా చూడలేదట, గ్లేబ్ కబురొచ్చినప్పుడు కూడా. "ఏవైందత్తా, ఏవన్నా అన్నాడా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "కోర్టులో అన్నీ అడిగార్రా సేన్యా" అంది, నన్ను ముద్దుగా అలాగే పిలిచేది. "పలకలెన్నని అడిగారు, పగలా రాత్రా అని అడిగారు, ఎవడు చెప్పాడని అడిగారు. బాగా మండిందా అని ఒక్కళ్లు అడిగారట్రా? ఇరవై ఏళ్లు చూశాను, ఎవరన్నా అడుగుతారేమోనని. ఆఖరికి ఈ మహానుభావుడడిగాడు."

ఊఁ.

అదిగో, అవతలి ఒడ్డున మబ్బు కమ్మింది చూడు. ఇటే వస్తోంది. నీ పిల్లాడి బట్టలు తీగ మీదున్నాయనుకుంటా, లే, పరిగెత్తు, కాయలు నేను చూసుకుంటాను.